ఎండకు దుప్పటి కప్పిన వీధి

అరుపుల మామయ్యకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై నాలుగేళ్ళు డీజిల్ ఇంజను పక్కన నిలబడి పిండి పట్టినవాడు గుసగుసలాడతాడా? ఆయన మంచినీళ్ళు అడిగినా పోట్లాటకి పిలిచినట్టే ఉండేది. ఆ వీధిలోకి కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మొదటి వారం ఆయన ఎవరితోనో గొడవ పడుతున్నాడనుకుని కిటికీలు మూసుకునేవాళ్ళు. రెండో వారానికి అది ఆయన మర్యాదేనని తెలిసి మళ్ళీ తెరిచేవాళ్ళు. గొంతు అలాంటిది గానీ మనిషి మాత్రం వెన్న.

ముందు గదిలో పిండిమర, వెనక రెండు గదుల్లో కాపురం, పక్క వసారాలో ఇంజను. గోడకి చేసిన కంతలోంచి ఇంజను బెల్టు వచ్చి మరని తిప్పేది. పొగ గొట్టం బయటికే పెట్టాడు పాపం. కానీ పొగ గాలి చెప్పిన మాట వింటుంది గానీ గొట్టం చెప్పిన మాట వినదు కదా. ఇంజను వైపు గోడ మసితో నల్లగా, మర వైపు గోడ పిండితో తెల్లగా ఉండేవి. ఆ రెండింటి మధ్య మామయ్య తొట్టిలో గింజలు పోస్తూ, కింద గొట్టంలోంచి రాలే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూస్తూ, రాళ్ళు బిగించే చక్రాన్ని ఓ పిసరు అటో ఇటో తిప్పుతూ ఉండేవాడు. పిండి వేళ్ళ మధ్య జారిందా సరే. గరగరలాడిందా, మళ్ళీ తొట్టిలోకే. "చాల్లే, ఇవ్వు, నాకు ఆలస్యమైపోతోంది" అని ఎవరన్నా ఒప్పుకునేవాడు కాదు.

వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన మామయ్య కాబట్టి ఆయన భార్య వీధి మొత్తానికీ అత్తయ్య. తూకం దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఎవరి సంచి ఎవరిదో పొల్లుపోకుండా చూసేది. ఆ మోతలో మాటలు పనికిరావు కాబట్టి మొగుడూ పెళ్ళాలిద్దరూ చేతులతోనే సంసారం నడిపేశారు. ఆవిడ పిడికిలి చూపిస్తే గోధుమలు అయిపోయాయని, అరచెయ్యి ఊపితే భోజనానికి రమ్మని అర్థం. ఇరవై నాలుగేళ్ళలో పగటిపూట ఒకరి గొంతు ఒకరు విన్నది తక్కువే.

అందుకే ఆ దగ్గు ఎప్పుడు మొదలైందో మామయ్యకి తెలియదు. ఆవిడ ఆయన వైపు వీపు పెట్టి కూర్చుని దగ్గేది. సాయంత్రం ఇంజను ఆగాక కూడా ఆయన చెవుల్లో ఇంకో రెండు గంటలు అదే డబడబ. మూడిళ్ళ అవతల ఉండే ఆయన అక్కకి వినిపించింది. ఎదురింటి కుట్టుమిషను ఆవిడకి వినిపించింది. వీధి మొత్తానికి వినిపించిన దగ్గు ఆయనొక్కడికే వినిపించలేదు. ఆ సంగతి ఎత్తితే మామయ్య ఇప్పటికీ తల దించుకుంటాడు.

ఒకరోజు అత్తయ్య తూకం ముందే కూలబడిపోతే, అక్క పరిగెత్తుకొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఛాతీ నిండా పిల్లికూతలు. ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు అని అడిగి తెలుసుకుని, మామయ్య వైపు తిరిగి రెండే ముక్కలు చెప్పాడు. "ఆ ఇంట్లోంచి ఇంజనన్నా బయటికి పోవాలి, ఈవిడన్నా పోవాలి. రెండూ ఉంటే ఈవిడ మీకు దక్కదు."

ఇంజను పోతే పిండిమర పోయినట్టే. కరెంటు మోటారు పెట్టుకోవచ్చుగా అనకండి. ఆ వీధికొచ్చే తీగ ఇళ్ళల్లో దీపాలకే చాలీచాలకుండా ఉండేది, మర మోటారు వేస్తే వీధంతా చీకటే. అందుకని అత్తయ్యే పోయింది. రెండు వీధుల అవతల కాస్త మెరక మీద ఆవిడ చెల్లెలి ఇల్లుంది. బట్టల పెట్టె పట్టుకుని వెళ్తూ, "ఎన్నాళ్ళో కాదులెండి" అంది. పదకొండు నెలలైంది.

మామయ్య రోజూ సాయంత్రం స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, మరదలి ఇంటి డాబా మీదికి వెళ్ళేవాడు. ఎంత రుద్దుకున్నా డీజిల్ వాసన వదిలేది కాదు. ఆయన దగ్గరికి జరిగితే ఆవిడకి దగ్గు వచ్చేది. ఆయన డాబాకి ఆ చివర, ఆవిడ ఈ చివర కూర్చునేవాళ్ళు. మధ్యలో ఆరేడు బారల దూరం, పైగా ఈయన గొంతు! "ఈ రోజు మందు వేసుకున్నావా?" అని ఆయన ప్రేమగా అడిగితే చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళూ వేసుకున్నామనే చెప్పేవాళ్ళు.

అలాంటి రోజుల్లో అక్క ఒక కబురు మోసుకొచ్చింది. డీజిల్ ఇంజన్లతో నడిచే మరలు తీసేసి, ఎండతో నడిచే మోటార్లు పెట్టుకునే వీధులకీ వాడలకీ ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందట. సోలార్ పలకలు, మోటారు, పిండి దుమ్ము లేవకుండా గొట్టానికి కట్టే సంచి, అన్నీ వాళ్ళే బిగించి ఇస్తారట.

"మనకెందుకిస్తారే?" అని అరిచాడు మామయ్య.

"అడగనిదే అమ్మయినా పెట్టదురా. పద, అడుగుదాం," అంది అక్క.

ఆఫీసులో పెద్ద వరస. కిటికీ అవతల కళ్ళజోడు పెట్టుకున్న మేడమ్. ఆవిడది పిట్ట గొంతు. ఎందుకు కావాలి అని ఆవిడ అడిగింది ఈయనకి వినపడలేదు. అక్క చెవిలో అరిచి చెప్పింది. మామయ్య చెప్పడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాడు అంటే, ఆ ఆఫీసు మూడు అంతస్తులకీ చెప్పాడు. భార్య దగ్గు, పిల్లికూతలు, డాక్టరు మాట, డాబాకి ఆ చివర ఈ చివర కూర్చోవడం, ఏదీ దాచలేదు. వెనక నిలబడ్డ పెద్దాయన ఒకడు, "అమ్మా, ముందు ఆయన కాగితాలు చూడండి, మేం ఆగుతాం," అన్నాడు.

మేడమ్ దరఖాస్తు తనే నింపింది. నింపుతూ షరతులు చెప్పింది. ఆ మరలో గింజలు ఆడించుకుంటామని, ఎండ ఉన్న వేళల్లోనే వస్తామని నలభై ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టాలి. పాత ఇంజను మళ్ళీ ఎవరూ వాడకుండా పగలగొట్టించాలి. బిగించాక తొంభై రోజులు పరీక్ష. మోటారు ఎంత పని చేసిందో పెట్టెలో లెక్క నమోదవుతుంది. చెప్పినంత పని జరగకపోతే, ఆ సామానంతా విప్పి తర్వాతి దరఖాస్తుదారుడికి ఇచ్చేస్తారు. "మీ వెనక చాలామంది ఎదురుచూస్తున్నారు బాబాయిగారూ. వాడనివాళ్ళ దగ్గర ఉంచలేం కదా," అంది. న్యాయమైన మాటే.

ఇక అక్క కాళ్ళకి బలపం కట్టుకుంది. అప్పటిదాకా వీధంతా పొద్దున్నే గింజలు తెచ్చి పడేసి పనులకి పోయేవాళ్ళు. ఇకమీదట పదింటికీ మూడింటికీ మధ్యే రావాలంటే ఎవరు ఒప్పుకుంటారు? అక్క ఒప్పించింది. "మీ ఇంట్లో రొట్టె తెల్లగా ఉందంటే మా మరదలు నల్లటి పొగ మింగబట్టే" అని మొహం మీదే అనేసింది. నలభై అడిగితే నలభై ఆరు ఇళ్ళ సంతకాలు తెచ్చింది. రాయడం రానివాళ్ళు వేలిముద్రలేశారు. ఆనాటి నుంచి ఆవిడ పేరు సంతకాలక్క అయిపోయింది.

ఇంజను పగలగొట్టే రోజున మామయ్య దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళు అన్నం పెట్టింది. తన పెళ్ళాం ఊపిరి మింగిందీ అదే. తిట్టాలో దండం పెట్టాలో తెలియక, "సరే, వెళ్ళిరా," అన్నాడు. మొదటి సుత్తి దెబ్బ ఆయనే వేశాడు. అత్తయ్యకి కబురు పంపితే, "ఇప్పుడే రాను," అంది. "పరీక్ష నెగ్గనివ్వండి. రేపు ఆ సామాను విప్పుకుపోతే మీరు మళ్ళీ పొట్టకోసం డీజిల్ ఇంజనే తెస్తారు. ఒకసారి ఇల్లు విడిచి వచ్చాను. రెండోసారి విడవడం నా వల్ల కాదండీ."

మామయ్యకి అర్థమైంది. ఆ తొంభై రోజులు నెగ్గితే భార్య ఇంటికొస్తుంది. నెగ్గకపోతే రాదు. అంతే.

మర ఉన్న ఇంటి డాబా మీద పదహారు పలకలు బిగించారు. సాంకేతికుడు అందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. మామయ్యకి సగం వినపడలేదు. అది చెవిటివాడి ముందు శంఖమే. కానీ పక్కన సంతకాలక్క ఉంది కదా, ఒక్క మాట వదలకుండా వింది. పలకల మీద దుమ్ము తుడవాలన్నాడు, వింది. మరీ వేడెక్కితే పలకలు కాస్త తక్కువ పనిచేస్తాయి, అందుకే కింద గాలి ఆడేలా ఖాళీ వదిలాం అన్నాడు. అదీ వింది. ఈ వేడి మాట మాత్రం ఆవిడ గుండెల్లో నాటుకుపోయింది.

మొదటి రోజు మీట నొక్కితే మర తిరిగింది. మోటారు చప్పుడు తేనెటీగ చప్పుడంత. పొగ లేదు, వాసన లేదు. జనం ముక్కున వేలేసుకున్నారు. కుట్టుమిషను ఆవిడ, "నడుస్తోందా, లేదా?" అని అడిగితే, మామయ్య గొట్టం కింద పిండి పట్టి ఆవిడ చేతిలో పోశాడు. వెచ్చగా, మెత్తగా ఉంది. ఆ పిండిని చూసి మామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో చూసి నవ్వితే, "పిండి పడిందిరా కంట్లో!" అని గదమాయించాడు.

పదిరోజులు బండి బాగానే నడిచింది. ఆ తర్వాత ఏ దయ్యం పట్టిందో, రోజూ ఒకటే తంతు. పదింటికి హుషారుగా మొదలవుతుంది. పదకొండు దాటేసరికి నీరసపడుతుంది. పన్నెండింటికి, సూర్యుడు నడినెత్తిన నిప్పులు చెరుగుతుంటే, మర నిద్రపోతుంది. పిండి రవ్వలా గరగరలాడుతూ వచ్చి, రాళ్ళు ఆగిపోతాయి. మళ్ళీ మూడున్నరకి ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. ఎండ తగ్గుతుంటే బలం రావడమేమిటి? మామయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది.

సాంకేతికుడికి కబురు చేస్తే ఒకసారి పొద్దున తొమ్మిదికి వచ్చాడు, ఇంకోసారి సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. రెండుసార్లూ అన్నీ భేషుగ్గా ఉన్నాయి. "మీరు సరిగ్గా వాడట్లేదేమో" అని వెళ్ళిపోయాడు. మామయ్యకి మోకాలి నొప్పి, నిచ్చెన ఎక్కలేడు. ఎక్కాల్సిన పని ఉందని కూడా ఆయనకి తోచలేదు. ఎండ అనేది అందరికీ కనిపిస్తూనే ఉంది కదా! అక్కని అడిగితే, "పలకల గురించి నీకు బెంగ వద్దురా. వాటిని పసిపిల్లల్లా చూసుకుంటున్నాం," అంది. అంతకంటే భరోసా ఏం కావాలి?

మరదలి ఇంటి డాబా మీద సాయంత్రం అత్తయ్య అడిగితే, "బ్రహ్మాండంగా నడుస్తోంది!" అని అరిచేవాడు. అబద్ధం గట్టిగా చెబితే నిజంలా ఉంటుందని ఆశ. ఇప్పుడు ఒంటికి డీజిల్ వాసన లేదు కాబట్టి దగ్గరగా కూర్చునే వీలుంది. కానీ కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పే ధైర్యం లేక ఎప్పటిలాగే ఆ చివరే కూర్చునేవాడు.

డెబ్భై నాలుగో రోజున ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జరగాల్సిన పనిలో సగం కూడా జరగలేదు. ఇలాగే ఉంటే తొంభయ్యో రోజున సామాను విప్పి తీసుకెళ్తాం. టైము పన్నెండున్నర. మర ఎలాగూ ఆగిపోయే ఉంది. కాగితం జేబులో పెట్టుకుని, స్నానం కూడా చేయకుండా, ఒంటి నిండా పిండితోనే మరదలి ఇంటికి నడిచాడు. ఇక దాచి లాభం లేదు. తనే చెప్పాలి.

అత్తయ్య డాబా మీద నీడలో కూర్చుని ఉంది. ఆయన ఈసారి పక్కనే కూర్చున్నాడు. కాగితం చేతికిచ్చాడు. "నేను అబద్ధం చెప్పాను," అన్నాడు. ఆ మాట మాత్రం ఎందుకో అరవలేదు. "మర నడవట్లేదు. రోజూ ఈ వేళకి ఆగిపోతోంది. ఎందుకో ఎవరికీ తెలియట్లేదు. తీసుకెళ్ళిపోతారట. నువ్వు ఇక రానక్కర్లేదు."

అత్తయ్య కాగితం మొత్తం చదివింది. తర్వాత తల ఎత్తి, దిగువనున్న తమ ఇంటి డాబా వైపు చూసి అడిగింది.

"మరి ఆ దుప్పట్లు ఎందుకు కప్పించారు?"

"ఏ దుప్పట్లు?"

"అవే. రోజూ పదకొండు కాగానే కప్పుతారు, మూడు దాటాక తీస్తారు. అలా కప్పమని వాళ్ళే చెప్పారేమో అనుకున్నాను. మీరు బాగా నడుస్తోందన్నారుగా!"

మామయ్య లేచి పిట్టగోడ పట్టుకుని చూశాడు. రెండు వీధుల అవతల, తన ఇంటి పైన, పదహారు పలకలు ఉండాల్సిన చోట ఎర్రవి, పచ్చవి, గళ్ళవి, పూలవి, వీధిలో ఉన్న దుప్పట్లన్నీ పరిచి ఉన్నాయి. వాటి మీద పల్చగా గోధుమలు. మధ్యలో ఎవరో ఆడమనిషి కూర్చుని అరచేత్తో గింజలు కదుపుతోంది. ఆ కూర్చున్న తీరు ఆయనకి చిన్నప్పటి నుంచి తెలుసు. అది అక్క.

ఆ రోజు ఆయన రెండు వీధులూ మోకాలిని మరిచిపోయి నడిచాడు. నడిచాడని మనం మర్యాదకి అంటున్నాం, పరిగెత్తాడు. నిచ్చెన పద్నాలుగు మెట్లూ ఎక్కి డాబా మీద తల పెట్టి, ఊపిరి తిరిగాక, "అక్కా!" అని అరిచాడు. పావురాలన్నీ ఎగిరిపోయాయి.

"ఏంట్రా, కొంప మునిగినట్టు?"

"మునిగిందే! ఎండ కావాలే వాటికి! ఎండే తిండి! ఎండ తగలకుండా దుప్పటి కప్పావా?"

అక్క అయోమయంగా చూసింది. "వేడెక్కితే పనిచేయవు అన్నాడు కదరా ఆ అబ్బాయి? నడి ఎండలో చెయ్యి పెడితే కాలిపోతున్నాయి. మాడిపోతాయేమోనని, ఆ ఎండ తీవ్రంగా ఉన్న నాలుగు గంటలే కాస్త నీడ వేస్తున్నాం. ఎలాగూ గింజలు కడిగి ఆరబోసేది ఇక్కడే కదా, ఒక దెబ్బకి రెండు పిట్టలు అనుకున్నాం."

నిజమే. కడిగిన గింజలు ఆ డాబా మీదే ఆరబోసుకోమని ఇరవై నాలుగేళ్ళ క్రితం చెప్పింది మామయ్యే. ఆడవాళ్ళు గింజలతో నిచ్చెన ఎక్కడం ఆయనకి పిచ్చుకలు వాలినంత మామూలు. పలకలు పోగా మిగిలిన జాగాలో ఆరబోసుకుంటున్నారనుకున్నాడు. ఇంటిని ప్రేమించే మనుషులు ఫ్రిజ్జుకి గుడ్డ కప్పుతారు, కొత్త కుర్చీకి కప్పిన ప్లాస్టిక్కు ఏళ్ళ తరబడి తీయరు. ఇక ప్రభుత్వం ఇచ్చిన ఖరీదైన పలకలని నడి ఎండలో ఊరికే వదిలేస్తారా?

సంగతి అర్థమయ్యాక అక్క మొహం పాలిపోయింది. నలభై ఆరు గుమ్మాలు ఎక్కి దిగిన మనిషి, తన చేతులతోనే మరదలి దారికి అడ్డం పడిందని తెలిసి దుప్పట్ల మధ్య కూలబడి భోరుమంది. "అది ఇంటికి రాకుండా నేనే చేశానురా తమ్ముడూ," అంది. మామయ్యకి తిడదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన భార్య దగ్గుని ముందుగా విన్నది ఈ అక్కే. తనకి వినపడనివన్నీ ఇన్నాళ్ళూ విని పెట్టిందీ ఈ అక్కే. పక్కన కూర్చుని వీపు నిమిరాడు. తర్వాత ఇద్దరూ కలిసి దుప్పట్లు తీశారు. తీస్తుంటే కింద గదిలో మోటారు దానంతటదే మేల్కొని గుయ్యిమంది.

మిగిలింది పదహారు రోజులు. ఎంత ఆడించినా లెక్క పూడదు. అక్క ఉత్తరం రాయిద్దామంది. ఆవిడ చెబుతుంటే కుట్టుమిషను ఆవిడ రాసింది. "అమ్మా, యంత్రం తప్పు లేదు. సూర్యుడి తప్పూ లేదు. మా తమ్ముడికి ఈ సంగతే తెలియదు. పలకలు మాడిపోతాయని మేమే దుప్పట్లు కప్పాం. వాటి మీద గోధుమలు కూడా ఆరబోశాం. దాచడం లేదు. ఇకమీదట కప్పం. మా మరదలు ఇంటికి రావాలి. దయచేసి విప్పుకుపోవద్దు." కింద మళ్ళీ నలభై ఆరు ఇళ్ళ సంతకాలు.

ఆఫీసులో మేడమ్ ఆ ఉత్తరం చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని మామయ్య కంగారుపడ్డాడు. నవ్వుతోంది. అలమారలోంచి లావుపాటి ఫైలు తీసి చూపించింది. ఒకచోట పలకల మీద ఉతికిన బట్టలు ఆరేశారట. ఇంకోచోట వానకి తడుస్తాయని పలకలకి పైన రేకుల కప్పు వేశారట! "తెలియక జరిగిన పొరపాటని రాసి ఇస్తే ముప్పై రోజులు గడువు పెంచవచ్చని నిబంధన ఉంది బాబాయిగారూ. ఎందుకు పెట్టారనుకుంటున్నారు? మీలాంటివాళ్ళు ఊరూరా ఉన్నారు కాబట్టే."

ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక, మనందరం తిడుతూనే ఉంటాం, తిట్టించుకునే పనులూ అది చేస్తూనే ఉంటుంది. కానీ జనం ప్రేమకొద్దీ తప్పు చేస్తారని ముందే ఊహించి, ఆ తప్పుకి పుస్తకంలో నాలుగు వరసల చోటు వదిలిన మనిషి ఎవరో ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఉంటాడు. ఆ మనిషి పేరు మామయ్యకి తెలియదు. మనకీ తెలియదు. ఆ రోజు ఆఫీసు మెట్లు దిగుతూ మామయ్య ఆ పేరు తెలియని మనిషికి చేతులెత్తి దండం పెట్టాడు.

ఆ గడువంతా వీధి వీధంతా మర చుట్టే తిరిగింది. పది కాగానే ఆడవాళ్ళు డబ్బాలతో వరస కట్టేవాళ్ళు. పనులకి పోయేవాళ్ళు పక్కింటివాళ్ళకి గింజలు అప్పజెప్పి పోయేవాళ్ళు. మూడు నెలల తర్వాత కావలసిన పిండి కూడా ముందే పట్టించుకుంటామని వస్తే మామయ్యే, "పురుగు పడుతుందర్రా!" అని వెనక్కి పంపాడు. సంతకాలక్క పొద్దున్నే నిచ్చెనెక్కి తడిగుడ్డతో పదహారు పలకలూ అద్దాల్లా తుడిచేది. ఆ తర్వాత పిట్టగోడ నీడలో కాపలా కూర్చునేది. కాకి వాలినా ఊరుకునేది కాదు.

గడువు ముగిసిన రోజు పదకొండింటికి మేడమ్ వచ్చింది. గది నిండా జనం. మోటారు నడుస్తోంది, మర తిరుగుతోంది. మేడమ్ పెట్టెలో అంకెలు చూసి రాసుకుంటుంటే గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. మామయ్య తలెత్తి చూశాడు. అత్తయ్య. చేతిలో చిన్న గుడ్డ సంచి, రెండు రోజుల బట్టలు పట్టేంత. "చూసి పోదామని వచ్చాను," అంది ఎవరినీ చూడకుండా.

వచ్చి తూకం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. మామయ్య తొట్టిలో గింజలు పోస్తున్నాడన్న మాటే గానీ చూపంతా ఆవిడ ఛాతీ మీదే. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ఊపిరి లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది. దగ్గు రాలేదు. గొట్టానికి కట్టిన సంచి పిండి దుమ్మంతా మింగుతోంది. ఆవిడ ముందుకొచ్చి కాస్త పిండి తీసుకుని వేళ్ళ మధ్య రాసి చూసింది. "ఇంకో పిసరు బిగించండి," అంది. మామయ్య చక్రం తిప్పాడు.

మేడమ్ కలం మూసి, "నెగ్గారు బాబాయిగారూ. ఇక ఈ మర మీదే. ఎవరూ విప్పుకుపోరు," అంది. గదిలో చప్పట్లు. అక్క చెంగుతో మొహం కప్పుకుంది. మామయ్య ఒక పిండి సంచి తీసుకొచ్చి మేడమ్ ముందు పెడితే, ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఏమీ పుచ్చుకోకూడదండీ. నాకు ఇంకో కాగితం నింపి ఇవ్వండి చాలు. సాయం ఎవరికి అందిందో రాసుకోవాలి."

మరలో ఆడించుకునే ఇళ్ళెన్ని అంది. అక్క చెప్పింది. రోజుకి ఎన్ని గంటలు అంది. మామయ్య చెప్పాడు.

"ఇంట్లో ఉండేవాళ్ళు ఎంతమంది?"

మామయ్య నోరు తెరిచాడు. వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతు పెగల్లేదు. ఏడాదిన్నరగా ఎవరడిగినా చెబుతున్న జవాబు ఇవాళ నోటికి రావడం లేదు. రావాలనుకున్న జవాబు చెప్పే ధైర్యం చాలడం లేదు. మేడమ్ కలం కాగితం మీద ఆగి ఉంది. గదిలో జనమంతా నేల చూపులు చూస్తున్నారు.

"ఇద్దరం. రాసుకోమ్మా," అంది అత్తయ్య, గుడ్డ సంచి చంకలో పెట్టుకుని వెనక గదిలోకి నడుస్తూ.